మా ఆయన అభిప్రాయాలు, కాకుల బట్వాడా

మా ఆయనకు అన్నింటి మీదా అభిప్రాయాలున్నాయి. అందులో వింతేం లేదు, రిటైరైన మగవాళ్లలో సగంమందికి ఉంటాయి. మిగతా సగంమంది గాలం పట్టుకుని రేవుకు పోతారు. మా ఆయనకు చేపలు పట్టడం రాదు, అందుకని తన అభిప్రాయాలను గళ్ల కాగితం మీద రాసి పత్రికకు పంపుతారు.

ఆయన పేరు మిజోగుచి తోషికాజు. డెబ్బై ఏళ్లు. ఊరి నీటి సరఫరా శాఖలో ముప్పై ఎనిమిదేళ్లు మీటర్లు చూశారు. మా సురుగా తీరానికీ వచ్చే, జపాన్ అంతా చదివే పత్రికలో 'పాఠకుల గొంతు' అని ఓ మూల ఉంటుంది. కింద రాసినవారి పేరు, వయసు, ఊరు, వృత్తి వేస్తారు. ఆయనవి ఈ కథ మొదలయ్యేనాటికి నాలుగు అచ్చయ్యాయి. మొదటిది క్యాబేజీ ధర మీద. రెండోది రైల్లో గొడుగు మొనతో పక్కవాళ్ల మోకాళ్లు పొడిచేవాళ్ల మీద. మూడోది, అన్నం డబ్బా వేడి చేయమంటారా అని అడిగి, జవాబు వినకుండానే వేడి చేసేసే దుకాణం కుర్రాళ్ల మీద. నాలుగోది నడుస్తూ ఫోను చూసేవాళ్ల మీద. అది అచ్చయిన రోజున పత్రిక చదువుకుంటూ నడిచి కరెంటు స్తంభానికి గుద్దుకున్నారు. నాలుగింటి కిందా 'ఉద్యోగం లేదు' అని వేశారు. ఆ మాట మీద ఐదోది రాశారు. అది వెయ్యలేదు.

అచ్చు వేసే ముందు పత్రికాఫీసు నుంచి ఫోను వస్తుంది, ఇది మీరే రాశారా, పేరు వెయ్యొచ్చా అని. అందుకని ఉత్తరం పంపిన వారం రోజులూ మా ఆయన ఫోను వదలరు. మరుగుదొడ్డికి వెళ్లినా చంకలో పెట్టుకునే వెళతారు. స్నానం చేసేటప్పుడు మాత్రం నన్ను తలుపు దగ్గర ఫోనుతో కాపలా పెడతారు.

ఇక నా పాపం చెప్పుకోవాలి. ఆ ఉత్తరాలు పోస్టు చేసే పని నాది. దేశం మీద రాసినవీ, ప్రభుత్వం మీద రాసినవీ బుద్ధిగా డబ్బాలో వేసేదాన్ని. కానీ మూడేళ్ల కిందట ఆయన కళ్లు దేశం మీంచి దిగి మా వీధిలో పడ్డాయి. వీధి సంఘం పెద్ద అకుత్సు గారు పొద్దున్నే పుక్కిలించే చప్పుడు మీద ఒకటి. ఎదురింటి ఇవాకి వాళ్ల అమ్మాయి వసారాలో పరుపులు బాదడం మీద ఒకటి. పేర్లు రాయరు, పెద్దమనిషి! 'మా ఎదురింటి యువతి' అని రాస్తారు. కింద ఈయన పేరూ ఊరూ ఉన్నాక ఎదురిల్లు ఎవరిదో కనిపెట్టడానికి పోలీసులు రావాలా? మాది ఆరిళ్ల వీధి. మర్నాడు వాళ్ల మొహం చూడాల్సింది నేను.

అందుకని వీధి మీద రాసిన ఉత్తరాలు నేను పోస్టు చెయ్యలేదు. కవరుతో సహా బంగడా చేపల తలల్లో, పేగుల్లో చుట్టి చెత్త సంచిలో వేసేశాను. ఆ కంపులో ఎవరు చెయ్యి పెడతారు అని నా తెలివి. అలా ఇరవై మూడు ఉత్తరాలు పోయాయి. ఇరవై మూడు వారాలు ఆయన ఫోను చంకలో పెట్టుకుని తిరిగారు. వారం దాటాక "ఈసారీ నచ్చలేదు కాబోలు" అని ఊరుకునేవారు. ఆ పూట నేను రొయ్యలు వేయించి పెట్టేదాన్ని. తెలిసిందంటే మా నలభై ఏళ్ల కాపురం ఏమవుతుందో అని నాకు భయంగానే ఉండేది.

మంగళ, శుక్రవారాలు పొద్దున్నే మా వీధివాళ్లు తగలబెట్టడానికి పంపే చెత్త బయట పెట్టాలి; సీసాలూ డబ్బాలూ వేరే రోజు. ఆరిళ్ల సంచులూ మూల మీద నీలం వల కింద ఉంటాయి. కాకులు వల అంచు లాగి ప్రతిసారీ ఒకే సంచి చింపేవి. ఆ బంగడా సంచి మాదేనని నాకు తెలుసు. కానీ నేను చూడబోయేసరికే పక్కింటి తోకియె మామ్మ చీపురుతో శుభ్రంగా ఊడ్చేసి ఉండేది. కాగితం ముక్క కూడా కనపడేది కాదు. మా ఆయన ఉత్తరాలను కూడా కాకులు తినేస్తున్నాయి కాబోలు అనుకున్నాను.

మే నెలలో చిన్ననాటి స్నేహితురాళ్లతో రెండు రోజులు వేడినీటి బుగ్గలకు వెళ్లాను. ఆ రెండు రోజుల్లో ఈయన ఒక ఉత్తరం రాసి, తనే స్వయంగా నడిచి వెళ్లి పోస్టు చేశారు. వారం తిరక్కుండా ఫోనొచ్చింది. శుక్రవారం పత్రికలో పడింది.

'మా వీధిలో ఒకరి చెత్త సంచి వారానికి రెండుసార్లు కాకుల పాలవుతోంది. ఎనభై నాలుగేళ్ల పొరుగామె నడుం వంచి ఊడుస్తోంది. ఆ సంచి ఎవరిదో నాకు తెలుసు. ఆ మనిషి మనస్సాక్షి మేలుకునే రోజు కోసం ఎదురుచూస్తున్నాను.'

పత్రిక మడిచి ఈయన ముందు పెట్టాను.

"ఎవరిదండీ ఆ సంచి?" అన్నాను.

"నాకేం తెలుసు?"

"తెలుసని రాశారుగా!"

"అలా రాస్తేనే ఊపొస్తుందే. నీకు రచన సంగతి తెలీదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అందరూ చేసే పనే. మా వీధివాళ్లు తడుముకుని ఊరుకోరు, మిఠాయి పెట్టె పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. శనివారం పొద్దున్నే అకుత్సు గారు కోటు వేసుకుని, కేకు పెట్టె రెండు చేతులా పట్టుకుని వచ్చి, గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చున్నారు.

"మిజోగుచి గారూ, ఇక దాచి లాభం లేదు. ఆ సీసాలు నావే."

నాకేమీ అర్థం కాలేదు. మా ఆయన మాత్రం కళ్లు సగం మూసి తల పంకించారు.

"డాక్టరు తాగొద్దన్నాడు. మా ఆవిడ సీసాలు లెక్కపెడుతోంది. అందుకని ఖాళీవి పేపర్లో చుట్టి తగలబెట్టే చెత్తలో దూర్చేస్తున్నా. ఆ మూల మీద నిబంధనల బోర్డు రాసిందే నేను! కింద సంతకం కూడా నాదే!"

"నాకు తెలుసు," అన్నారు మా ఆయన.

అకుత్సు గారు అటు వెళ్లగానే ఇవాకి వాళ్ల అమ్మాయి చంటిపిల్లను వీపున కట్టుకుని వచ్చింది, చిక్కుడు ముద్ద మిఠాయిలతో. "మంగళవారం చెత్త సోమవారం సాయంత్రమే పెట్టేస్తున్నానండీ. పాప పడుకున్నప్పుడే చెయ్యి ఖాళీ అవుతుంది. మీరు పైనుంచి చూస్తుంటారని తెలుసు, అయినా పెట్టేశాను."

"తెలుసమ్మా, తెలుసు."

మధ్యాహ్నానికి మిగిలిన రెండిళ్లూ దిగాయి. ఒకావిడ సోయా గింజల డబ్బాలు కడక్కుండా పారేస్తోందట. ఇంకొకాయన పాడైన అన్నం కుక్కరు పక్క వీధి చెత్తలో వదిలేసి వచ్చాడట, అదీ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని. అందరికీ మా ఆయన ఒకటే జవాబు.

ఎవరైనా ఏదైనా ఇస్తే తిరిగి ఏదో ఒకటి ఇవ్వకపోతే మేం మనుషుల కింద లెక్క కాదు. నేను నాలుగిళ్లకూ టీ ఆకు డబ్బాలు మోశాను. మీకు శ్రమ ఇచ్చామంటూ వాళ్లు ముల్లంగి పచ్చడితో మళ్లీ వచ్చారు. పచ్చడికి నేను నారింజలు ఇచ్చాను. ఆదివారం సాయంత్రానికి ఎవరు ఎవరికి ఎందుకు క్షమాపణ చెబుతున్నారో ఒక్కరికీ గుర్తులేదు.

నేను మాత్రం తేలు కుట్టిన దొంగలా తిరుగుతున్నాను. ఈయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"చూశావా సుమియె, కలం బలమంటే! నాలుగిళ్లు దిగొచ్చాయి. కానీ ఒకటి తేలలేదు. కాకులు ఈడ్చేవన్నీ చేప తలలే, ఎవరూ చేపల మాట ఎత్తలేదు. తోకియె మామ్మ పాపం ఊడ్చే మనిషి. మొత్తం ఆరిళ్లలో నాలుగు పోయి, ఒకటి పోయి..." అంటూ వేళ్లు మడుస్తున్నారు.

చివరి వేలు మడిచేలోపు నేను వంటింట్లోకి పరిగెత్తి పళ్లెం ఒకటి కింద పడేశాను.

సోమవారం తోకియె మామ్మ వచ్చింది. చేతిలో పెద్ద బిస్కెట్ల రేకు డబ్బా ఉంది. మామ్మ మా ఆయన్ని తోషీ అనే పిలుస్తుంది, ఆయన నిక్కర్ల నాటి నుంచి ఎరుగును.

"తోషీ, ఎవరో తెలుసని రాశావు. మూడ్రోజులుగా నాకు ముద్ద దిగడం లేదురా. దొంగతనం చేసింది నేనే."

"దొంగతనమేంటి మామ్మా?" ఆయన మొదటిసారి 'తెలుసు' అనడం మర్చిపోయారు.

మామ్మ డబ్బా మూత తీసింది. లోపల గళ్ల కాగితాలు, మా ఆయన దస్తూరీ. ఒక్క మడత కూడా లేకుండా సాపుగా ఉన్నాయి.

"ఒకరి చెత్తలోంచి తీస్తే దొంగతనమేనట, టీవీలో చెప్పారు. కానీ కాకి సంచి చింపితే ఇవి రోడ్డు మీదకొచ్చాయిరా. మనిషి పేరున్న కాగితం ఎలా ఊడ్చి పారేసేది? బియ్యం కడిగిన నీళ్లతో కంపు పోగొట్టి, పచ్చళ్ల రాయి కింద పెట్టా. తిరిగి ఇద్దామంటే సుమియె సిగ్గుపడుతుందని... ఇదిగో, వీధి అట్ట బయల్దేరే రోజు వెళ్లి దానికి తగిలించొచ్చేదాన్ని."

వీధి అట్ట అంటే సంఘం నోటీసులు తగిలించి ఇంటింటికీ తిప్పేది. చదివినవాళ్లు కింద తమ ఇంటి ముద్ర ఎర్ర సిరాతో గుద్ది పక్కింటికి అందించాలి. మాది చివరి ఇల్లు. మా ముందు ఇల్లు మామ్మది.

"మీ ఇంటికి వచ్చేముందు తీసి దాచేదాన్ని. అంతేరా నేను చేసిన తప్పు."

ఆయన ఒక్కో కాగితమే తీశారు. ప్రతి ఉత్తరం కిందా ఐదు గుండ్రటి ఎర్ర ముద్రలున్నాయి. పత్రిక ఐదు వేస్తే, కాకులు ఇరవై మూడు బట్వాడా చేశాయన్నమాట.

"పుక్కిలింపు ఉత్తరం అకుత్సు చదివాడా?"

"చదివి ముద్ర కూడా వేశాడుగా. అప్పట్నుంచి కిటికీ మూసుకుని పుక్కిలిస్తున్నాడు. ఆ ఇవాకి పిల్ల పరుపుల్ని ఇప్పుడు చంటిబిడ్డని తట్టినట్టు తడుతోంది, చూళ్లేదూ?"

మా ఆయన డబ్బా అడుగునుంచి కవరొకటి తీసి వెలుగులో పెట్టి చూశారు. పోస్టల్ స్టాంపు మీద పోస్టాఫీసు ముద్ర లేదు. తల తిప్పి నన్ను చూశారు.

"పొయ్యి మీద పులుసు వదిలేసి వచ్చాను," అని మామ్మ ఎనభై నాలుగేళ్ల మనిషి పరిగెత్తగలిగినంత వేగంగా వెళ్లిపోయింది.

"పోస్టు చెయ్యలేదా?"

"లేదు."

"ఒక్కటీనా?"

"వీధి మీద రాసినవి ఒక్కటీ వెయ్యలేదండీ."

అరుస్తారనుకున్నాను. గిన్నెలు విసురుతారనుకున్నాను. ఆయన డబ్బా ఒళ్లో పెట్టుకుని కాగితాలు ఒక్కొక్కటే సర్దారు.

"అంటే పత్రికవాళ్లు వద్దనలేదన్నమాట," అన్నారు చివరికి. "మాటలు మర్చిపోతున్నానేమో, బుర్ర అరిగిపోయిందేమో అనుకున్నాను. నీకు చెప్పకుండా పెద్దాసుపత్రికి రెండుసార్లు వెళ్లొచ్చానే. మతిమరుపు పరీక్షట, గడియారం బొమ్మ గీయించారు."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. మూడేళ్లు వీధిలో ఎవరి మనసూ నొప్పించకుండా చూశాను, నా ఇంట్లో మనిషి గడియారం బొమ్మ గీసి వచ్చాడని తెలుసుకోలేకపోయాను. తప్పయిందండీ అన్నాను. ఆయన డబ్బా పట్టుకుని మేడ మీదికి వెళ్లిపోయారు. రెండు రోజులు మాట్లాడలేదు. వేయించిన రొయ్యలు వేయించినట్టే కిందికి వచ్చాయి.

మూడో రోజు దిగొచ్చి నా చేతిలో ఒక కవరు పెట్టారు. "పోస్టు చెయ్యి."

అంటించలేదు. "చదవొచ్చా?" అన్నాను.

"అంటించలేదుగా."

వీధి మలుపులో ఎర్ర పోస్టు డబ్బా దగ్గర నిలబడి చదివాను.

'నా భార్య సుమియె, 66, నేను మీకు రాసిన ఇరవై మూడు ఉత్తరాలను చేప పేగుల్లో చుట్టి పారేసింది. నిన్న వాటిని మళ్లీ చదివాను. పంతొమ్మిది పారెయ్యాల్సినవే. నాలుగు మాత్రం బాగున్నాయి, ఆ నాలుగింటికీ ఆమె మీద నాకు ఇంకా కోపంగానే ఉంది. ఈ ఉత్తరం కూడా ఆమె చేతికే ఇస్తున్నాను. నా ఉత్తరాలు ఇంకెవరి చేతా పోస్టు చేయించను.'

వెనక ఐదిళ్ల కిటికీ తెరలూ కదులుతున్నాయి. కవరు అంటించి డబ్బాలో వేసేశాను. వేశాక, పేగుల సంగతి దేశమంతా చదువుతుందని గుర్తొచ్చి డబ్బా నోట్లో చెయ్యి పెట్టాను. మణికట్టు దాకానే పట్టింది.

నాలుగో రోజు ఆయన స్నానంలో ఉన్నారు. నేను తలుపు దగ్గర కాపలా ఉన్నాను. ఫోను మోగింది.

"పత్రికాఫీసు నుంచండీ," అంది ఒకమ్మాయి. "మిజోగుచి గారి ఉత్తరం వేద్దామనుకుంటున్నాం. కానీ అందులో ఆయన భార్య గురించి ఉంది. ఆవిడ ఒప్పుకుంటే గానీ వెయ్యకూడదు."

"నేనే ఆవిణ్ణి."

ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "చూడండి, మీకు ఇబ్బందిగా ఉంటే పక్కన పెట్టేస్తాం. మీవారికి ఏమీ చెప్పం. ఫోను రాలేదనే అనుకుంటారు."

ఒసాకాలో మా అక్క ఉంది. వేడినీటి బుగ్గల స్నేహితురాళ్లు ఆరుగురున్నారు. చేపలమ్మే ఆవిడ కూడా ఆ పత్రికే చదువుతుంది. లోపల మా ఆయన కూనిరాగం ఆగిపోయింది.

"వెయ్యండి," అన్నాను. "కానీ నాకు అరవై ఆరు కాదు. నవంబరు దాకా అరవై ఐదే. అది దిద్దండి."

ఫోను పెట్టేలోపే తలుపు తెరుచుకుంది. ఆయన తువ్వాలు చుట్టుకుని, నెత్తి మీద సబ్బు నురుగుతో, నీళ్లు కారుతూ నిలబడ్డారు.

"ఎవరు?"

"పత్రికాఫీసు."

ఆయన కళ్ల మీదికి జారిన నురుగు తుడుచుకున్నారు. "ఏమన్నావు?"

"వెయ్యమన్నాను," అన్నాను.