అయిపోయినట్టే

మా ఆయన కరెంటు పని చేస్తారు. ఆ వృత్తిలో ఏ పనీ అయిపోవడమంటూ ఉండదు, అంతా అయిపోయినట్టే ఉంటుంది. మా అద్దింటి స్నానాల గదిలో బల్బు హోల్డరు మూడేళ్లుగా వైరుకు వేలాడుతోంది. ఎప్పుడడిగినా "అయిపోయినట్టే" అంటారు. పని చేయించుకునే వాళ్లందరికీ చెప్పీ చెప్పీ ఆ మాట ఆయనకు ఊతపదమైపోయింది. అలాంటి మనిషి, ఒక బిల్డరు అదే మాట తనకు చెబితే ఇట్టే నమ్మేశారు. నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

సంగతేమిటంటే, మా అత్తగారికి చూపు పోతోంది. నలభై ఏళ్లు కుట్టుమిషను ముందు కూర్చున్న మనిషి. చూపు అంచుల నుంచి మూసుకొస్తోందనీ, ఏడాది, మహా అయితే ఏడాదిన్నర మిగులుతుందనీ డాక్టరు చెప్పాడు. అప్పటికే సొంతిల్లు కొనే ఆలోచనలో ఉన్నాం. ఆ మాటతో మాకు కాళ్లు నిలవలేదు. కళ్లు పనిచేస్తుండగానే ఆవిడ కొత్త ఇంటికి అలవాటు పడాలి.

చూసినవి రెండు. ఒకటి కట్టేసిన ఇల్లు, రేపే దిగొచ్చు. రెండోది ఇంకా కడుతున్న బిల్డింగులో నాలుగో అంతస్తు. నేను మొదటిది అన్నాను. ఆయన ఒంటికాలి మీద లేచారు. అక్కడ పడగ్గది స్విచ్చిబోర్డు తలుపు వెనకాల ఉందట. తలుపు తీస్తే బోర్డు మాయం. ఆ పని చేసినవాడి చేతులు ఎవరైనా విరగ్గొట్టాలన్నారు. కడుతున్నదైతే గోడకు పూత పడకముందే అమ్మ చెయ్యి అందేచోట బోర్డులు పెట్టిస్తానని వారం రోజులు ఒకటే నస. ఆయన ఆశ తప్పని నేను అనను. ఆ బిల్డరు మాట తలుచుకుంటేనే నాకు ఒళ్లు మండేది.

చివరికి అత్తగారినే రెండు చోట్లకూ తీసుకెళ్లాం. కట్టేసిన ఇంట్లో ఆవిడ పడగ్గది నుంచి వంటింటికి రెండుసార్లు నడిచారు. రెండోసారి కళ్లు మూసుకున్నారు. పద్నాలుగు అడుగులని చెప్పి, వంటగట్టును జానలతో కొలిచారు. నచ్చిందని గానీ నచ్చలేదని గానీ అనలేదు.

రెండోచోట గోడల్లేవు. నేల మీద సుద్దముక్కతో గీసిన గీతలున్నాయి. ఇది హాలు, ఇది నీ గది అని ఆయన తిరిగి తిరిగి చూపించారు. అత్తగారు తిన్నగా నడిచి ఆయన పక్కకు వచ్చి నిలబడ్డారు. గోడలోంచి వచ్చావమ్మా అని ఆయన నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"ఎన్నాళ్లు పడుతుందిరా?"

"అయిపోయినట్టేనమ్మా."

ఆవిడ తల వంచి, కాళ్ల దగ్గరున్న గీత కోసం కాసేపు వెతికారు. దొరకలేదు.

"నా కళ్లు కూడా అయిపోయినట్టేరా," అన్నారు.

వారమంతా గెలవాలని చూసినదాన్ని, గెలిచినందుకు నాకు ఏడుపొచ్చింది.

కట్టేసిన ఇంట్లోనే దిగాం. మూడో రోజు ఆయన ఉలీ సుత్తీ పట్టుకుని, నిక్షేపంలాంటి గోడ చెక్కేసి, బోర్డును తలుపుకు ఇవతలికి తెచ్చారు. చెక్కినచోట సిమెంటు మెత్తి వదిలేశారు. నున్నటి గోడ మీద నడుమెత్తు నుంచి బోర్డు దాకా అరచేయంత వెడల్పున గరుకు పట్టీ. అది బాగుచెయ్యమని ఏడాది పోరాను. అడిగినప్పుడల్లా ఏమన్నారో మీకు తెలుసు.

మొన్న సాయంత్రం నా పోరు పడలేక ఇసుక కాగితం పట్టుకుని ఆ గోడ ముందు కూర్చున్నారు. రెండుసార్లు రుద్దారో లేదో, వంటింట్లో ఉన్న అత్తగారు చప్పుడు విన్నారు. ఆవిడకు ఇప్పుడు పగలూ సాయంత్రమూ ఒక్కటే. పద్నాలుగు అడుగులు వేసి వచ్చి, గోడ తడిమారు. గరుకు తగలగానే దాని వెంటే చెయ్యి పైకి జరిపి స్విచ్చి నొక్కారు.

"ఇది కాస్తా నున్నగా చేస్తే నాకు బోర్డెలా దొరుకుతుందిరా? ఉండనీ. చీకట్లో కూర్చున్నారేమోనని లైటు వేశాను, వెలిగిందా?"

వెలిగిందని చెప్పాను. ఆయన ఇసుక కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు.

"అయిపోయింది," అన్నారు.

పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.