అరవై రెండో బిల్లు

బస్సు మా ఊరు గున్సాన్ దాటకముందే నాకు భయం మొదలైంది. మేం సియోల్ చేరేసరికి పార్లమెంటు వాయిదా పడిపోయి ఉంటుందేమో, లేదా ఎవరో పెద్దాయన పోయాడని సంతాపం చెప్పుకుని అందరూ ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటారేమో అని. పక్క సీట్లో మల్-సూన్ అక్క ఉడకబెట్టిన గుడ్డు ఒలుచుకుంటూ, "ఆ మొహం అద్దంలో చూశాడంటే డ్రైవరు బస్సు వెనక్కి తిప్పేస్తాడే. ఇదిగో, తిను," అంది.

ఆమెకేం, ఆమె పెంచిన పిల్లలిద్దరూ పెద్దవాళ్ళై ఎవరి బతుకు వాళ్ళు చూసుకుంటున్నారు. నాకు ఇంట్లో హే-రిన్ ఉంది.

హే-రిన్‌కి మూడేళ్ళప్పుడు శిశు సంక్షేమం వాళ్ళు తెచ్చి నా చేతుల్లో పెట్టారు. దత్తత కాదు, ఆరు నెలలు పెంచి పెట్టమన్నారు. పదకొండేళ్ళయింది. కన్నతల్లి లేదు. కన్నతండ్రి ఎక్కడున్నాడో పోలీసులకే తెలియదు, అయినా కాగితాల మీద ఆ పిల్లకు ఉన్న మనిషి ఆయనొక్కడే. మార్కెట్లో నేను పచ్చళ్ళు, ఉప్పు పీతలు అమ్ముకునే కొట్టు దగ్గర నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. అందరికీ నేను "హే-రిన్ అమ్మ"నే. బ్యాంకు గుమ్మంలోకో ఆసుపత్రి గుమ్మంలోకో అడుగుపెడితే మాత్రం నేను ఎవరినీ కాను.

పోయిన చలికాలం ఊరి ఆడవాళ్ళంతా కలిసి స్నానం చేసే స్నానశాలలో దాని వీపు రుద్దుతుంటే నా చేతికి తేడా తెలిసింది. వెన్నెముక ఒక పక్కకు ఒంగి ఉంది. ఎక్స్‌రే చూసి డాక్టరు, ఈ వేసవి సెలవుల్లోనే ఆపరేషన్ చేయాలి, ఆలస్యమైతే ఊపిరితిత్తుల మీద పడుతుంది అన్నాడు. జూలైలో తేదీ కూడా ఇచ్చాడు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టబోతే నర్సు మెల్లగా దాన్ని వెనక్కి లాక్కుంది. "మీరు చట్టప్రకారం సంరక్షకులు కాదు కదమ్మా," అంది. కోర్టుకు వెళ్తే, తండ్రి కోసం వెతికినట్టు ఋజువులు తెండి, ఏడాది పట్టొచ్చు అన్నారు. ఏడాది! అప్పటికి ఆ ఎముక ఎంత ఒంగుతుందోనని రాత్రిళ్ళు మేలుకుని లెక్కలు వేసేదాన్ని.

ఇలా పెంచే తల్లులు పిల్లల వైద్యానికి సంతకం పెట్టవచ్చని చెప్పే బిల్లు ఒకటి పార్లమెంటులో మూడేళ్ళుగా ఉంది. ప్యో గి-తే అనే సభ్యుడు పెట్టాడు. ఎట్టకేలకు కమిటీ దాటి సభ ముందుకొచ్చింది. కానీ ఈ పార్లమెంటు గడువు నాలుగు రోజుల్లో ముగుస్తుంది. ఇవాళే ఆఖరి సమావేశం. ఇవాళ నెగ్గని బిల్లులన్నీ చెత్తబుట్టలోకే. కొత్త సభ్యులు వచ్చాక మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

పార్లమెంటులో సందర్శకుల గ్యాలరీలోకి వెళ్ళేముందు మా సంచులు తీసుకుని, చప్పట్లు కొట్టకూడదు, కేకలు వేయకూడదు, నిలబడకూడదు అని చెప్పారు. దగ్గు వస్తే ఏం చేయాలో చెప్పలేదు. నాకు వెంటనే గొంతులో దురద పుట్టింది.

కింద సభలో పని చకచకా సాగింది. సభ్యులు తమ బల్లల మీద మీటలు నొక్కుతుంటే గోడ మీది పెద్ద బోర్డులో వాళ్ళ పేర్ల పక్కన పచ్చ దీపాలు వెలిగేవి. స్పీకరు లెక్క చదివి సుత్తితో మూడుసార్లు కొట్టేవాడు. ఒక బిల్లు అయిపోయినట్టు. ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై రెండు. మాది అరవై రెండు.

యాభై ఏడోది ఏదో ప్రసార సంస్థల బిల్లు. దాని పేరు చదవగానే ఒక పక్క వాళ్ళంతా లేచి అరవడం మొదలుపెట్టారు. బల్లలు చరిచారు. తర్వాత వందమందికి పైగా వరుసగా తలుపుల వైపు నడిచారు. ఆ వరుసలో ప్యో గి-తే ఉన్నాడు. టీవీలో చూసిన బట్టతల, నీలం టై.

"అక్కా! మన బిల్లు పెట్టినాయనే పోతున్నాడు!"

"పోనీవే. వస్తాడు. నేను నాలుగుసార్లు వచ్చి చూశాను, వీళ్ళెప్పుడూ ఇంతే."

"ఆయన లేకపోతే మిగిలినవాళ్ళకి మనతో ఏం పని? అలిగి పోయినవాడి బిల్లుకి వీళ్ళెందుకు మీట నొక్కుతారు?"

"ఒసేయ్, కూర్చో. నిలబడితే గెంటేస్తారు."

గెంటేవాళ్ళు గెంటక ముందే నేను బయటకొచ్చేశాను. మెట్లు ఎన్ని దిగానో గుర్తులేదు. కింద సభామందిరం ముందున్న పెద్ద హాలులో, విశాలమైన మెట్ల మీద ఆ వందమందీ వరుసలుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో నినాదాలు రాసిన ఒకేలాంటి అట్టలు. ఎదురుగా కెమెరాలు. నాయకుడొకాయన మైకు పట్టుకుని, "ఈ అన్యాయపు సభలో ఇక ఇవాళ మేం అడుగు పెట్టం!" అన్నాడు. అందరూ పిడికిళ్ళు ఎత్తి, "అడుగు పెట్టం! అడుగు పెట్టం!" అన్నారు. మూడో మెట్టు మీద నుంచి ప్యో గి-తే అందరికంటే గట్టిగా అరిచాడు.

అడుగు పెట్టరట. హే-రిన్ వీపు, జూలై తేదీ, అంతా అయిపోయిందనుకున్నాను. కాపలా ఉన్నతను "అమ్మా, అటు వెళ్ళకూడదు" అంటున్నా వినకుండా పక్కనుంచి దూరి ఆయన కోటు చేయి పట్టుకున్నాను.

"అయ్యా, మీరు లోపలికి వెళ్ళాలి."

ఆయన ఉలిక్కిపడ్డాడు. పిడికిలి పైకే ఉంది. "ఎవరమ్మా మీరు?"

"అరవై రెండో బిల్లు. నా బిడ్డ వెన్నెముక ఒంగిపోతోంది. మీరే పెట్టారు, మీరే వదిలేస్తారా? కావాలంటే ఆపరేషన్ అయ్యాక మళ్ళీ వచ్చి అరుచుకోండి, నేను కూడా మీతో అరుస్తాను."

పక్కనున్న సభ్యురాలు అట్టతో మొహం కప్పుకుని నవ్వింది. ప్యో గి-తే కెమెరాల వైపు ఒకసారి చూసి, పెదవులు కదలకుండా గొణిగాడు. "అమ్మా, గట్టిగా మాట్లాడకండి. మేం వెళ్తాం."

"ఇప్పుడే కదయ్యా అడుగు పెట్టం అన్నారు! నా చెవులారా విన్నాను."

"అది టీవీకి."

"టీవీకి అబద్ధం చెప్తారా?"

"అయ్యో..." అంటూ జేబులోంచి ఫోను తీసి, అట్ట చాటున నా ముందు పెట్టాడు. మైకు పట్టుకున్న నాయకుడి పేరుతో వచ్చిన సందేశం. నేను కళ్ళు చిట్లించి చదువుకున్నాను. "యాభై ఏడు అవ్వగానే అందరూ లోపలికి. గొడవలేని బిల్లులకు ఓటెయ్యాలి. ఒక్కరూ తప్పిపోవద్దు. గింబాప్ తర్వాత తినొచ్చు." పంపిన సమయం చూస్తే, మైకు పట్టుకోవడానికి పది నిమిషాల ముందు.

"మరి ఆ ప్రమాణం?"

"అమ్మా, ఆ ఒక్క బిల్లు మీద మాకు నిజంగానే కోపం. మీ బిల్లు మీద ఎవరికీ లేదు. అవతలి పార్టీ వాళ్ళు కూడా సంతకాలు చేశారు దాని మీద."

నేను నమ్మాను, నమ్మలేదు. కోటు చేయి వదల్లేదు. లోపల ఏదో గంట మోగింది. మెట్ల మీది వాళ్ళంతా అట్టలు సహాయకుల చేతికిచ్చి, టైలు సర్దుకుని, బడి గంట కొట్టిన పిల్లల్లా తలుపుల వైపు కదిలారు. నాయకుడే ముందు. నేను ఇంకా, ఆపరేషన్ తేదీ ఇరవై మూడు, డాక్టరు పెద్ద ఆసుపత్రి డాక్టరు, అంటూ చెప్తూనే ఉన్నాను.

"అమ్మా," అన్నాడు ఆయన చివరికి, "మీరు నా చెయ్యి వదిలితే గానీ నేను మీట నొక్కలేను."

అప్పుడు వదిలాను. ఆయన పరుగెత్తాడు. అరవై ఏళ్ళ మనిషి, చేతిలో ఫోను ఊగిపోతూ.

నాకు పైకి వెళ్ళే ఓపిక లేదు. హాలులో గోడకు ఒక టీవీ ఉంది, సభ అందులో కనిపిస్తోంది. మిగిలిన చిన్న బిల్లులు ఒకదాని వెంట ఒకటి అయిపోయాయి. అరవై రెండు. బోర్డు మీద పచ్చ దీపాలు అన్ని వైపులా వెలిగాయి. నేను ప్యో గి-తే పేరు కోసం వెతికాను. దాని పక్కన ఏమీ లేదు. నేనే, నేనే ఆపేశాను ఆ మనిషిని. దారిలో గుండె పట్టుకుని పడిపోయాడేమో! పడిపోతే ఆ పాపం కూడా నాదే. అంతలో ఆయన పేరు పక్కన దీపం పచ్చగా వెలిగింది.

స్పీకరు చదివాడు. "వచ్చినవారు రెండువందల నలభై ఒకరు. అనుకూలం రెండువందల ముప్పై తొమ్మిది. తటస్థం ఇద్దరు." సుత్తి మూడుసార్లు పడింది.

నేను మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపో నవ్వో తెలియని చప్పుడొకటి నా గొంతులోంచి వచ్చింది. కాపలా అతను పేపరు రుమాలు తెచ్చి ఇచ్చాడు.

"ఆ ఇద్దరూ ఎవరు బాబూ?" అని అడిగాను. "నా పిల్ల వాళ్ళకి ఏం చేసింది?"

"నిద్రపోయి ఉంటారమ్మా," అన్నాడు.

గ్యాలరీ నుంచి దిగివచ్చిన మల్-సూన్ అక్క నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎంత దూరం నుంచి వచ్చామే! తీరా సమయానికి టీవీలో చూశావా? టీవీ మీ ఇంట్లో లేదూ?" అంటూనే పక్కన కూర్చుని నా వీపు రాసింది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

సంచి తీసుకోగానే హే-రిన్‌కి ఫోను చేశాను. "నెగ్గింది" అంటే, "అయితే ఆపరేషన్ నిజంగా చేస్తారా?" అంది చిన్న గొంతుతో. నాకు వెంటనే మత్తుమందు గుర్తొచ్చింది, ఆ మందు గురించి విన్న భయంకరమైన మాటలన్నీ గుర్తొచ్చాయి. కానీ ఆ సాయంత్రం బస్సులో పదకొండేళ్ళ తర్వాత మొదటిసారి నేను గున్సాన్ దాకా నిద్రపోయానట. అక్క భుజం మీద చొంగ కూడా కార్చానట. తర్వాత రెండు నెలలు అదే చెప్పి ఏడిపించింది.

జూలైలో అదే నర్సు అదే కాగితం ఇచ్చింది. పెంచే తల్లినని చెప్పే కొత్త గుర్తింపు కార్డు తీసి, గెజిట్ నకలు తీసి, ఇంకా అడిగితే చూపించడానికి మరో నాలుగు కాగితాలు బల్ల మీద పేర్చాను. ఆమె కార్డు ఒక్కటి చూసి మిగిలినవి నా వైపు జరిపింది. "ఇక్కడ, ఇక్కడ, వెనకాల కూడా," అంది. మూడుచోట్ల సంతకం పెట్టాను. మూడోది కాస్త వంకరగా వచ్చింది. చెల్లదంటుందేమోనని ఊపిరి బిగబట్టాను.

ఆమె కాగితం ట్రేలో వేసి, "తర్వాతి వాళ్ళు రండి," అంది.