ఇస్తారి వంతు

అరబ్బు దేశంలో, బహ్లా దగ్గరి ఆ ఊళ్ళో నీళ్ళు నీడను బట్టి పారేవి. మసీదు పక్క మైదానంలో ఒక కర్ర పాతి ఉండేది. దాని నీడ ఒక రాయి మీంచి ఇంకో రాయి మీదికి జరిగేదాకా ఒకరి వంతు, సుమారు అరగంట. రాత్రిళ్ళు చుక్కల్ని చూసుకునేవాళ్ళు. వంతు మారినప్పుడల్లా నీళ్ళ పెద్ద సాలిం పేరు పెట్టి పిలుస్తాడు. పిలుపు అందుకున్నవాడు లేచి, తన గండికి కుక్కిన గుడ్డల మూట తీసి, కాలువను తన మడిలోకి మళ్ళించుకుంటాడు. ఎనిమిది రోజులకొకసారి ఎవరి వంతు వాళ్ళకొస్తుంది. తన వంతు నీళ్ళు తన మడిలో పారుతున్నంతసేపు ఆ ఊళ్ళో ఎవరూ చనిపోరు. అందుకే ఎవరైనా కొనఊపిరితో ఉంటే, వంతు అయ్యాకే ఖురాను చదివే ఆయనకు కబురు పెట్టేవాళ్ళు.

డెబ్బై నాలుగులో ఆ ఊళ్ళో బడి కట్టడానికి కంపెనీ తెచ్చిన కూలీల్లో ఇస్తారి, పోచన్న ఉన్నారు. ఇద్దరిదీ జగిత్యాల దిక్కు ఒకే ఊరు. కంపెనీ లారీ నడిపే ముర్తుజాది నిజామాబాదు. ముగ్గురిదీ ఒకటే రూమ్.

ఒక శుక్రవారం సెలవునాడు రాబియా అనే విధవరాలి కాలువ గట్టు కూలితే, ఇస్తారి అడక్కుండానే వెళ్ళి కట్టిపెట్టాడు. కూలి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. ఆమె తన వంతుల్లోంచి ఒక అరగంట అతని పేర రాయించింది. ఆమె తోట అంచున రెండు మంచాలంత మడిలో ఇస్తారి గోంగూర వేశాడు.

పోచన్నకు తాళం తిప్పే గడియారం ఉండేది. దాన్ని అతను ఇంటి టైము మీదే ఉంచాడు, ఇక్కడికంటే గంటన్నర ముందు. "ఇప్పుడు మా అవ్వ బీడీల చాట పక్కకు పెట్టి లేస్తది" అని చూసుకోవడం అతనికి అలవాటు. డ్యూటీకి మాత్రం గంటన్నర తీసేసుకుని వెళ్ళేవాడు.

"మనం పడవ దిగి ఏడాది దాటె. నీ గడియారం ఇంకా దిగలేదురా" అని ఇస్తారి నవ్వేవాడు.

రెండో చలికాలంలో ఇస్తారికి పళ్ళు తోముకుంటే నెత్తురు రావడం మొదలైంది. ఒళ్ళంతా కమిలిన మచ్చలు. తట్ట ఎత్తితే ఆయాసం. కంపెనీ కాంపౌండరు మలేరియా బిళ్ళలిచ్చాడు. జ్వరం తగ్గకపోతే ముర్తుజా లారీలో మస్కట్ ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడి డాక్టరమ్మది నెల్లూరు. తుంటి ఎముకలోంచి సూదితో మూలుగ తీసి చూసి, పక్కన కూర్చుంది.

"ఇటుక బట్టీ ఎప్పుడైనా చూశావా?"

"చూసుడేందమ్మా, కాల్చిన."

"మన రక్తం ఎముకల్లో తయారవుతుంది, బట్టీలో ఇటుకలాగా. నీ బట్టీలోంచి కాలని పచ్చి ఇటుకే వస్తోంది. తెల్లకణాలే అవి, కానీ ఎదగనివి. కుప్పలుగా వచ్చి పడి మంచివాటికి చోటు లేకుండా చేస్తున్నాయి. ఎర్రకణాలు చాలక ఆయాసం. నెత్తురు గడ్డకట్టించేవి లేక చిగుళ్ళు కారడం. జ్వరంతో కొట్లాడేవి కూడా ఆ పచ్చివే. దీన్ని లుకేమియా అంటారు. రక్తంలో క్యాన్సరు."

"పచ్చి ఇటుకతోని గోడ నిలవదమ్మా. మందేం చేస్తది?"

"బట్టీనే ఆర్పేస్తుంది. చెడ్డవాటితోపాటు మంచివీ పోతాయి. మళ్ళీ రాజుకున్నప్పుడు మంచి ఇటుక రావాలని కాచుకోవాలి. అంతదాకా వేరేవాళ్ళ రక్తం ఎక్కించి నెట్టుకురావాలి."

"వస్తదా?"

"కొందరికి వస్తుంది" అంది డాక్టరమ్మ. "కొన్నాళ్ళు."

క్యాంపులో వాళ్ళు లారీ ఎక్కి వెళ్ళి రక్తమిచ్చారు. ఇంజెక్షన్లకు ఇస్తారి జుట్టంతా ఊడింది. నోరు పుండై గంజి కూడా దిగలేదు. దేవుడు దయతలచాడేమో, ఒకసారి మంచి ఇటుకే వచ్చింది. నలభై రోజులు. తిరిగొచ్చి తన గోంగూర తనే కోసి పులుసు పెట్టాడు. మళ్ళీ చిగుళ్ళు కారాయి. ఈసారి మందు పని చేయలేదు.

"ఇంక నా దగ్గరేమీ లేదు నాయనా" అంది డాక్టరమ్మ. "ఈ రక్తం రెండు రోజులు నిలుస్తుందేమో. ప్రయాణం మాత్రం తట్టుకోలేవు."

"మా అవ్వ మొకం చూసి పోత" అన్నాడు ఇస్తారి. "ఇంకేం అడుగ."

తల్లిని చూసి పోతానన్న ఈ మాట ముర్తుజా రాబియాకు చెప్పాడు. ఆమె మైదానానికి వెళ్ళి సాలిం ముందు నిలబడి, తన వంతులన్నీ ఇస్తారి పేర చెప్పమంది. పక్కతోట ముసలాయన తనదీ ఇచ్చాడు. అలా ఒకరి తర్వాత ఒకరు ఇచ్చుకుంటూ వెళితే, బయల్దేరే రోజు తెల్లవారిన దగ్గర్నుంచి మూడోనాటి మధ్యాహ్నం పన్నెండుదాకా వచ్చింది. అంతకు మించి ఆగితే గోధుమ ఎండిపోతుంది.

"సముద్రం అవతల పనిచేస్తుందా?" అని ముర్తుజా అడిగాడు.

"ఎండ అక్కడా ఇదే కదా" అన్నాడు సాలిం.

ముర్తుజా ఇస్తారి ఇంటికి తంతి కొట్టి, సెలవు పెట్టి, అతనితో విమానంలో బయల్దేరాడు. గండి దగ్గర పోచన్న కూర్చున్నాడు. అరగంటకోసారి సాలిం "ఇస్తారీ" అని పిలిచేవాడు. పోచన్న "ఉన్న" అనేవాడు. ఊరి నీళ్ళన్నీ రెండు మంచాలంత మడిలోకి వచ్చి, గోంగూరను ముంచి, పొర్లి ఇసుకలో ఇంకిపోయాయి. రెండు రాత్రులు పోచన్న కన్ను మూయలేదు.

మూడోనాడు తెల్లారేసరికి మబ్బు కమ్మింది. కర్రకు నీడ లేదు. సాలిం చాలాసేపు ఆకాశం చూసి, పోచన్నను అడిగాడు.

"నీ గడియారంలో ఎంతైంది?"

పోచన్న మణికట్టు చూసుకున్నాడు. "పన్నెండు."

తనే గుడ్డల మూట తెచ్చి గండికి కుక్కాడు. నీళ్ళు గోధుమ చేలోకి మళ్ళాయి. ఇస్తారి ఈపాటికి ఇల్లు చేరి ఉంటాడనుకుంటూ గట్టుమీద వెనక్కి వాలాడు.

కాసేపటికి మబ్బు విడింది. కర్ర నీడ పడమటి రాళ్ళ మీద ఇంకా పొడుగ్గా పడుకుని ఉంది. సాలిం నీడను చూశాడు. తర్వాత పోచన్న చేతిని చూశాడు.

"అది ఎక్కడి టైము?"

పోచన్న కాలువలోకి దూకి మూట పీకేశాడు. మోకాలి లోతు నీళ్ళలో అలాగే నిలబడ్డాడు. గోధుమ చేనాయన తన నీళ్ళు పోతున్నా అడ్డు రాలేదు. నిజంగా పన్నెండయ్యేదాకా నీళ్ళు ఇస్తారి మడిలోనే పారాయి.

పదిహేను రోజులకు ముర్తుజా ఉత్తరం వచ్చింది. పోచన్న చదివించుకున్నాడు.

"బస్సు దిగి బండి కట్టించినం. దారిపొడుగునా బాగనే మాట్లాడిండు. 'అవ్వ నా తానానికి నీళ్ళు కాగబెట్టి ఉంటది' అన్నడు. వాగు దాటినంక, పన్నెండు కొట్టంగనే, మాట ఆగిపోయింది. ఇల్లు చేరేసరికి ఒంటిగంట. ఇస్తారి అవ్వ కమలవ్వ వాకిట్ల నిలబడి ఉన్నది. పొయ్యి మీద నీళ్ళు కాగుతున్నయి. ఆ నీళ్ళే పోసినం."

ఇక్కడి పన్నెండంటే అక్కడ ఒకటిన్నర. ఒంటిగంట నుంచి ఒకటిన్నరదాకా ఎంతసేపో పోచన్నకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ వేసవికి బడి పూర్తయింది. కంపెనీ అందరినీ సోహార్ పనికి పంపింది. పోచన్న వెళ్ళలేదు. ఇంటికీ వెళ్ళలేదు. రాబియా తోటలో పనికి కుదిరాడు. గడియారం రూమ్‌లో మేకుకు వేలాడుతూ ఉండేది. తాళం తిప్పక ఎప్పుడో ఆగిపోయింది.

ఇస్తారి పేరు ఎవరూ కొట్టేయలేదు. ఎనిమిది రోజులకొకసారి నీడ ఆ రాయి మీదికి వస్తుంది. సాలిం "ఇస్తారీ" అని పిలుస్తాడు.

"ఉన్న" అంటాడు పోచన్న. లేచి మూట తీస్తాడు. మడిలో గోంగూర ఎప్పుడో కుళ్ళిపోయింది, మళ్ళీ వేయలేదు. ఖాళీ మన్ను మీద నీళ్ళు పరుచుకుంటాయి. నీడ అవతలి రాయి ఎక్కేదాకా అతను అక్కడి నుంచి కదలడు.