బాలవ్వ బొటనవేలికి కట్టిన డబ్బా

నేను ఒక రేకు డబ్బాను. పుట్టింది పట్నంలో, ఒక ఫ్యాక్టరీలో. ఆ పుట్టుకలో గొప్పేమీ లేదు, అదే రోజు నాలాంటివి కొన్ని వేలు పుట్టాయి. పదిహేను కిలోల నూనె మోసుకుని ఒక మిర్చి బజ్జీల బండి దగ్గరికి చేరాను. కడుపు నిండుగా ఉన్నన్నాళ్లు నాకు చప్పుడు చేయడమే రాలేదు. ఖాళీ అయ్యాకే వచ్చింది. మనుషుల్లోనూ అంతేనని తర్వాత తెలిసింది.

బండి దగ్గరి నుంచి నన్ను బాలవ్వ తెచ్చుకుంది. ఆమెకు ఎకరన్నర జొన్న చేను ఉంది. గింజ పాలు పోసుకునే వేళకు చిలుకలు దిగుతాయి. పక్క చేను మొగులయ్య నాకు బొక్క పెట్టి, లోపల ఒక ఇనుప బోల్టు వేలాడదీసి, చేను నడుమ గుంజకు కట్టాడు. నా నుంచి ఒక తాడు మంచె దాకా పోయింది. మంచె ఎక్కి కూర్చున్న బాలవ్వ ఆ తాడు కొసను కాలి బొటనవేలికి కట్టుకుంది. కాలు ఆడిస్తే నేను అరుస్తాను.

"కాలుతోనే కావలి కాస్తవా వదినా?" అని మొగులయ్య నవ్వాడు.

"ఎట్లన్న ఆడుతనే ఉంటది గద ఈ కాలు. ఉత్తగ ఎందుకు ఆడాలె?" అంది బాలవ్వ.

నిజమే. దసరాకు ముందు ఆమె భర్త సాయిలు చనిపోయాడు. అప్పటి నుంచి ఆమెకు నిద్ర లేదు. కూర్చుంటే లేస్తుంది, లేస్తే కూర్చుంటుంది. ఊరివాళ్లు భజనకు తీసుకుపోతే, అక్కడా తన చెప్పుల వైపే చూస్తూ కూర్చుందట. మనవరాలు స్వరూప మొగులయ్యతో చెబుతుంటే విన్నాను. చేనులో అయితే కాస్త ఊపిరాడుతుందని బాలవ్వ ఇక్కడికి వచ్చింది. శాంతి కోసం వచ్చిన మనిషి కాలికి నన్ను కట్టారు! మనుషుల తెలివి మీద నాకు గౌరవం పెరిగింది అప్పుడే.

చిలుకలు వచ్చినా మోగాను, రాకపోయినా మోగాను. ఆమె మనసులో ఏది కదిలినా ముందు నాకే తెలిసేది. చుట్టుపక్కల చేలవాళ్లకు నా చప్పుడు అలవాటైపోయింది.

పుష్యమాసంలో ఒక పొద్దున దట్టంగా మంచు కురిసింది. మంచె కనబడలేదు, కంకులు కనబడలేదు. ఒక్క పిట్ట కూడా రాలేదు. ఆకుల మీద నీటిచుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. తాడు రెండుసార్లు కదిలింది. కాసేపటికి మరోసారి. తర్వాత ఆగిపోయింది.

నాకు భయం వేసింది. మోగకుండా అంతసేపు నేనెప్పుడూ లేను. ఎవరైనా లాగండి, లాగండి అనుకున్నాను.

నాలాగే ఇంకొకరూ భయపడ్డారు. సద్ది తెస్తున్న స్వరూప గట్టు మీద ఆగి చెవి పెట్టి వింది. "అమ్మమ్మా!" అని కేక వేసి, జొన్న కర్రలు విరుచుకుంటూ చేనుకు అడ్డంగా పరుగెత్తింది. ఆ కేకకు మొగులయ్య, అతని భార్య ఇస్తారమ్మ కూడా వచ్చారు. ముగ్గురూ కలిసి మంచెను పట్టుకుని ఊపారు.

బాలవ్వ కళ్లు తెరిచింది. "ఏమైందే? చిలుకలొచ్చినయా?"

"డబ్బా మోగుతలేదు అమ్మమ్మా... నేనేమో..." స్వరూపకు ఏడుపు ఆగలేదు.

"సచ్చిననుకున్నవా? నిద్రపట్టిందే పోరీ! నాలుగు నెలలకు పట్టింది. ముగ్గురు గూడి చెడగొట్టిన్రు."

ఇస్తారమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మొగులయ్య తల గోక్కున్నాడు. "మరి చెప్పి పండుకోవాలె గద వదినా."

"నిద్ర నాకు చెప్పి వచ్చిందా, నేను నీకు చెప్పెటందుకు!"

ఆ తర్వాత ప్రతి పొద్దునా మంచు ఉన్నంతసేపు ఆమె తాడు కట్టుకోవడం మానేసింది. అలాగని రోజూ నిద్ర పట్టిందని కాదు. కొన్ని పొద్దులు ఊరికే తెల్లదనంలోకి చూస్తూ కూర్చునేది. నాకు మాత్రం ఆ ఊరుకోవడం చేతకాలేదు.

మాఘంలో కోత అయిపోయింది. కావలి కాయడానికి గింజ లేదు. అయినా బాలవ్వ వస్తూనే ఉంది. ఫాల్గుణం గాలికి నాకు నేనే మోగుతుంటే, ఒక మధ్యాహ్నం వచ్చి నా లోపలికి చెయ్యి పెట్టి బోల్టు విప్పేసింది. "ఇగ సాలు, ఊకో" అంది. ఆమె నాతో ఆడిన మాట అదొక్కటే.

ఇప్పుడు గాలి వచ్చినప్పుడల్లా ఊగుతాను, మోగడానికి సిద్ధమవుతాను, ఏమీ రాదు. చప్పుడు రావలసిన చోట ఎక్కడో కౌజుపిట్ట అరుపు, ఎండుటాకు దొర్లడం వినిపిస్తాయి. నాకు శాంతి దొరికిందా అంటే చెప్పలేను. ఇంకా ఊగుతూనే ఉన్నాను. మంచె నీడలో కొంగు పరుచుకుని పడుకున్న బాలవ్వ గురక ఇక్కడి దాకా వినిపిస్తోంది.