ఓదీల్ ముందుసాలు

సముద్రపు గాలి ఆ రోజు తెల్లారకముందే కొండెక్కేసింది. దక్షిణ ఫ్రాన్సులోని ఈ కోర్బియేర్ కొండల్లో పడమటి గాలి మనిషిని తోసి పడేసినా ద్రాక్షకు మేలే చేస్తుంది. ఈ సముద్రపు గాలి అలా కాదు. మెత్తగా, తడితడిగా వచ్చి ఆకుల మధ్య తిష్ఠ వేస్తుంది. వాన తెచ్చినా తేకపోయినా గుత్తి లోపల బూజు పుట్టిస్తుంది. మనుషుల్ని కూడా ఓ పట్టాన కూర్చోనివ్వదు.

ఓదీల్‌ను కూర్చోనివ్వకుండా చెయ్యడానికి ఆ గాలి కూడా అక్కర్లేదు. పొయ్యి మీద కాఫీ పెట్టి మరిచిపోయింది. బూట్లు తొడుక్కుని, విప్పి, మళ్ళీ తొడుక్కుంది. నిన్ననే పదును పెట్టిన కత్తెరకు మళ్ళీ పదును పెట్టింది. వాకిట్లోకి వచ్చి కొండ మీది పాత కోట గోడ వైపు చూసింది. ఎడమ కంటితో చూస్తే గోడ మసగ్గా ఉన్నా గోడలాగే ఉంది. కుడి కంటితో చూస్తే నడుమ వంగిపోయింది. ఆ వంపులో ఒక బూడిదరంగు మచ్చ తప్ప ఏమీ లేదు. ఎడమ కంట్లోనూ అదే మొదలైందని నార్బోన్‌లో డాక్టరు వసంతంలోనే చెప్పాడు. చూపు మొత్తం పోదట, అంచులు మిగులుతాయట. "దేన్ని సూటిగా చూస్తే అదే కనిపించదు" అన్నాడాయన, బస్సు ఎన్నింటికో చెప్పినంత మామూలుగా. ఓదీల్ ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా ఆ తోటలో ముందుసాలు ఆమెది. కోతకు దిగిన ముఠాలో ముందుసాలు మనిషి ఎంత వేగంగా పోతే అందరూ అంతే వేగంగా పోవాలి. ఆమె వంగితే వంగాలి, ఆమె నడుమెత్తితే ఎత్తాలి. ఆమెను దాటి ఎవరూ పోకూడదు. చూడబోతే అదేం పెద్ద పదవి కాదు. కాని భర్త పోయాక ఓదీల్‌కు ఆ ఊళ్ళో మిగిలింది అదొక్కటే. దాన్ని వదులుకోమంటే చెయ్యి నరికి ఇస్తుందేమో గాని దాన్ని మాత్రం ఇవ్వదు.

అలాంటిది, నిన్న జరగకూడనిది జరిగింది.

గుత్తుల్ని వీపుబుట్టలో మోసే ముసలాయన బర్నబే ఆమె సాలు వెంట వస్తూ వస్తూ ఆగాడు. ఒక ద్రాక్ష మొదలు దగ్గర వంగి ఆకుల కిందనుంచి నల్లటి గుత్తి ఒకటి పైకెత్తాడు. సాలులో ఎవరైనా గుత్తి మరిచిపోతే, ఆ గుత్తినే వాళ్ళ మొహానికి పులిమే హక్కు బుట్ట మోసేవాడిది. పూర్వం పెళ్ళికాని పిల్లలు కావాలనే ఒకటీ అరా మరిచిపోయేవాళ్ళు. ఇప్పుడు కోతకొచ్చే వాళ్ళలో సగం మంది సెలవుల్లో ఉన్న విద్యార్థులు. వాళ్ళ కాలానికి పులమడం పోయింది, కేకలు మిగిలాయి.

ఆ కేక రోజీన్ వేసింది. రెండో సాలు రోజీన్‌ది, అదీ ఇరవై ఆరేళ్ళుగానే. ఓదీల్ వెనక ఎప్పుడూ ఒక్క అడుగు.

"చూశారా! నలభయ్యేళ్ళ కోతలో ఒక్క గుత్తి మరవని మహాతల్లి, అరవై రెండేళ్ళొచ్చాక బర్నబే కోసం దాచిపెట్టింది! ఏమయ్యోయ్ బర్నబే, పులుముతావా, ఇంటికి తీసుకెళ్ళి ఫోటో కట్టించుకుంటావా?"

"పులమడానికేముంది గాని, వంగాలి కదే. ఆవిడ మరీ పొట్టి, నా మోకాళ్ళు మరీ పాతవి" అన్నాడు బర్నబే.

అందరూ పడీపడీ నవ్వారు. బర్నబే ఆమె చెంప మీద బొటనవేలితో ఓ చుక్క పెట్టి ఊరుకున్నాడు. ఓదీల్ కూడా నవ్వింది. తోట యజమాని నాదేజ్ మాత్రం నవ్వలేదు. తండ్రి పోయాక తోట చేతిలోకి తీసుకున్న పిల్ల, ఈ ముగ్గురి చేతుల మీదా పెరిగింది. సాయంత్రం ఓదీల్‌ను ట్రాక్టరు పక్కకు పిలిచింది.

"పిన్నీ, వచ్చే ఏడు నువ్వు వంటింట్లో ఉండకూడదూ? ముఠాకు వండిపెట్టే మనిషి కావాలి నాకు. నీ నడుముకూ కాస్త సుఖం" అంది, ఎంతో ప్రేమగా.

అంత ప్రేమగా అంది గనకే ఓదీల్‌కు ఒళ్ళు మండింది. ఆమె వంట సంగతి ఊరంతటికీ తెలుసు. తెల్ల బీన్సూ బాతు మాంసమూ మట్టికుండలో పొద్దంతా మగ్గితే గాని కాసూలే అవదు. ఓదీల్ దాన్ని రెండు గంటల్లో ముగించి, అడుగు మాడ్చి, పైన పచ్చిగా ఉంచగలదు. ఆమెను వంటింటికి పంపడమంటే ఆమెకూ శిక్షే, తినేవాళ్ళకూ శిక్షే.

ఈ రోజు కొయ్యాల్సింది తోటలో ఆఖరి చెక్క. కోట కింద రాళ్ళ వాలులో, నూరేళ్ళ నాటి కారిన్యాన్ ద్రాక్ష. వాటికి తీగెలు కట్టడం, పందిరి వెయ్యడం ఏమీ ఉండవు. ఒక్కొక్క మొదలూ నేలకు అతుక్కుని, వంకర్లు తిరిగి, తన గుత్తులు తన ఆకుల కింద దాచుకుని కూర్చుంటుంది.

"నాలుగింటికల్లా వాన అంటున్నారు. కాస్త చేతులాడించండి!" అని నాదేజ్ ట్రాక్టరు మీదనుంచి అరిచింది.

ఓదీల్ ముందుసాలులో వంగింది. ఆకుల్ని సూటిగా చూడటం మానేసి పక్కచూపుతో చూసింది. ప్రతి మొదలునూ రెండుసార్లు తడిమింది. తడిమితే ఆలస్యం, ఆలస్యమైతే వెనక ముఠా మొత్తం ఆగుతుంది. అందుకని పరుగు పెట్టింది. పరుగు పెడితే గుత్తి మిగులుతుందేమోనని భయం. నాలుగు మొదళ్ళకోసారి వెనక్కి తిరిగింది. తిరిగి చూస్తే నీకేం కనిపిస్తుంది గనక అని తన్ను తానే తిట్టుకుంది.

"ఏమే, ఊరికే వెనక్కి చూస్తావేం? బర్నబే ఎక్కడికీ పోడు, బుట్ట కట్టేశాం వాడికి" అంది రోజీన్.

"నీ సాలు నువ్వు చూసుకోవే."

"నా సాలూ చూస్తున్నా, మీ సరసమూ చూస్తున్నా. రెండు కళ్ళూ చాలట్లేదు."

విద్యార్థులు కిసుక్కుమన్నారు. ఓదీల్‌కు చెవులు కాలిపోయాయి. ఈ నోటికి దేవుడు తాళం ఎందుకు పెట్టలేదో అనుకుంది.

మూడు సాళ్ళు అయ్యాయి. బర్నబే ఒక్క గుత్తి కూడా ఎత్తి చూపలేదు. ఊరట కలగాలి, కాని ఓదీల్‌కు భయం ఇంకా పెరిగింది. ఎందుకంటే తను కోసిన రెండో సాలులో, మడిచిన మోకాలులాంటి మొదలు ఒకటుంది. అక్కడ మణికట్టుకు చల్లగా ఏదో తగిలింది. సరిగ్గా అప్పుడే నాదేజ్ హారన్ కొట్టింది, ఓదీల్ దాన్ని వదిలేసి ముందుకు పోయింది. అక్కడ గుత్తి ఉండి తీరాలి. మరి బర్నబేకు ఎందుకు కనిపించలేదు?

మధ్యాహ్నం ఎండు ద్రాక్ష కొమ్మలు మండించి దాని మీద సాసేజీలు కాల్చారు. రొట్టె, ఆలివ్‌లు, మేక జున్ను, ఇదే చెక్కలో నిరుడు కాసిన ద్రాక్ష వైన్. ఓదీల్ తన రొట్టె పక్కన పెట్టేసింది.

"గాలి మారుతుందేమో చూసొస్తాను" అని లేచి, తిన్నగా ఆ మోకాలు మొదలు దగ్గరికి వెళ్ళింది. చెయ్యి పెట్టి వెతికింది. గుత్తి లేదు. కాడ తొడిమ మాత్రం ఉంది. కళ్ళు మూసుకుని దాని కొసను బొటనవేలితో రుద్ది చూసింది. ఓదీల్ కత్తెర పెడితే తొడిమ మొదలుకంటా, అడ్డంగా తెగుతుంది. ఇది వేలి కణుపంత పొడుగుంది, ఏటవాలుగా తెగింది. ఇది కత్తెర పని కాదు. ముఠాలో అందరివీ కత్తెరలే. తన తండ్రి వంకీ కత్తిని ఇప్పటికీ వదలకుండా పట్టుకు తిరిగేది రోజీన్ ఒక్కతే.

ఓదీల్ తడుముకుంటూ ఆ సాలంతా నడిచింది. అలాంటి ఏటవాలు తొడిమలు ఏడు తగిలాయి. ఒక్క సాలులో ఏడు! తను ఒకటో రెండో వదులుతోందనుకుంది. రాళ్ళ మీద చతికిలబడింది.

కిందనుంచి రోజీన్ గొంతు వినబడింది. "మన పెళ్ళికూతురేదీ? బర్నబే, వెళ్ళి వెతుక్కో, కొండెక్కి పారిపోయినట్టుంది!"

కింద అందరూ నవ్వుతున్నారు. ఆ నవ్వులో ఏముందో ఓదీల్‌కు అప్పుడు అర్థమైంది. వాళ్ళు బర్నబే గురించి నవ్వుతున్నంతసేపూ ఆమె కళ్ళ గురించి ఎవరూ ఆలోచించరు. నిన్న గుత్తి బయటపడగానే అందరికంటే ముందు రోజీన్ అరిచింది కూడా అందుకే.

ముందు కోపం వచ్చింది. దీని జాలి నాకెందుకు అనుకుంది. ఆ తర్వాత సిగ్గేసింది. రోజీన్ ఇరవై ఆరేళ్ళుగా ముందుసాలు కోసం కాచుకుని ఉన్న మనిషి. ఈ ఒక్క రోజు చేతులు ముడుచుకుని చూస్తూ ఉంటే అది దానంతటదే ఒళ్ళో పడేది.

మధ్యాహ్నం తర్వాత సముద్రం వైపు ఉరిమింది. రోజీన్ రెండు సాళ్ళ పని ఒక్కతే చేస్తోంది. ఆమె ఆయాసం ఓదీల్‌కు వినిపిస్తోంది. ఎగతాళి మాటలు కూడా తగ్గిపోయాయి, వాటికి ఊపిరి చాలడం లేదు. ఆపవే అని చెప్పాలనుకుంది ఓదీల్. చెబితే ఎందుకో కూడా చెప్పాలి. పెదవి కొరుక్కుని కోస్తూ పోయింది. నాదేజ్ ఈసారి బర్నబే పక్కనే, సాళ్ళు పరికించి చూస్తూ నడుస్తోంది.

ఇక అయిదు మొదళ్ళు ఉన్నాయనగా బర్నబే ఆగాడు. ఓదీల్ సాలులో కాదు. రోజీన్ సాలులో. వంగి ఎత్తాడు, పెద్ద గుత్తి.

ముఠా అంతా గోల.

"రోజీన్ పిన్నీ, నువ్వూనా!" అంది నాదేజ్. నవ్వుతోంది గాని నొసలు ముడిపడింది. "మీ ఇద్దర్నీ కలిపి వంటింట్లో పెట్టాల్సొచ్చేట్టుందే."

రోజీన్ నోట్లో ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉంటుంది. ఈసారి ఒప్పేసుకుంది. "అవును, మరిచిపోయా. కానీయ్ బర్నబే, పులిమి తగలడు, వానొస్తోంది" అని మొహం అటు తిప్పింది.

ఓదీల్ మాట్లాడకుండా ఉండొచ్చు. అయిదు మొదళ్ళు. అవి కోసేస్తే ఈ ఏటికి గండం గడిచినట్టే. వచ్చే ఏటి సంగతి వచ్చే ఏడు. ఆమె మనసు నిజంగానే అలా అనుకుంది, ఆ సంగతి దాచడమెందుకు. కాని ఆమె నడుం ఊరుకోలేదు. లేచి నిటారుగా నిలబడింది. ముందుసాలు మనిషి లేచింది గనక అలవాటు కొద్దీ ముఠా అంతా లేచి నిలబడింది.

"ఆ గుత్తి నాది" అంది.

"నీ సాలులోది కాదుగా" అన్నాడు బర్నబే.

"నా సాలు కోస్తూ కోస్తూ తన సాలులో మరిచింది. పొద్దున నేను కోసిన రెండో సాలులోనే నావి ఏడు కోసింది, పోయి చూసుకోండి, తొడిమలున్నాయి. నాకు కనిపించట్లేదు, నాదేజ్. దేన్ని సూటిగా చూస్తే అది కనిపించదు. వసంతం నుంచీ ఇంతే."

ఎవరూ నవ్వలేదు. రోజీన్ ఒక్కతే భగ్గుమంది.

"నోర్మూసుకోవే! నిన్నెవరడిగారు? అయిదు మొదళ్ళు! అయిదే అయిదు మొదళ్ళు ఓర్చుకోలేకపోయావా?"

"ఎందుకు చేశావే? ఊరుకుంటే ముందుసాలు నీదే కదా."

"నాదే. ఇరవై ఆరేళ్ళు నీ వీపు చూశాను. ఏదో ఒక ఏడు నిన్ను దాటిపోతాను, అప్పుడు నువ్వు నా వీపు చూస్తావు అనుకున్నా. నీ కళ్ళు పోతే ఊడిపడే సాలు ఎందుకే నాకు? నిన్ను ఓడించి తీసుకుందామనుకున్నా. నువ్వేమో..."

మొదటి చినుకులు ఆకుల మీద పడ్డాయి. ఓదీల్ బర్నబే చేతిలోంచి గుత్తి లాక్కుని రోజీన్ చేతిలో పెట్టింది. టోపీ తీసి, మొహం ముందుకు చాచింది.

"మరిచింది నేను. పులుము."

రోజీన్ చుక్క పెట్టి ఊరుకోలేదు. నుదుటికి, చెంపలకు, చెవుల వెనక, మెడకు, జుట్టు కుదుళ్ళకు అన్నిటికీ కసిదీరా పులిమింది. పులుముతూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. ఓదీల్ కదలకుండా నిలబడింది. రసం కళ్ళలోకి దిగి మండుతోంది. పొద్దున్నుంచీ ఓ చోట నిలవని కాళ్ళు అప్పుడు నిలిచాయి.

"అదీ పులమడమంటే" అన్నాడు బర్నబే విద్యార్థులతో.

నాదేజ్ దగ్గరికి వచ్చి, "పిన్నీ, మరి వచ్చే ఏడు..." అంది.

"వంటింట్లోకి మాత్రం వద్దమ్మాయ్, మేమూ బతకాలి" అన్నాడు బర్నబే. ఈసారి రోజీన్ కూడా ఏడుపు మధ్యలో నవ్వేసింది.

ఓదీల్ చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుని తన బకెట్ తీసుకుంది. ముందుసాలులోకి పోలేదు. రోజీన్‌ను దాటి వెళ్ళి రెండో సాలులో నిలబడింది.

"నడువు, వాన పెద్దదవుతోంది" అంది.

రోజీన్ రసం అంటిన చేతులు తుడుచుకుని ముందుసాలులోకి వెళ్ళి వంగింది. ముఠా అంతా వంగింది. ఓదీల్ చేతులు ఆకుల కిందికి పోయాయి. తలెత్తి సూటిగా చూస్తే ముందు ఏమీ లేదు, బూడిదరంగు మచ్చ. కోట గోడ వైపు చూపు తిప్పితే మాత్రం, ఆ చూపు అంచున రోజీన్ వీపు స్పష్టంగా కనిపించింది.

"వస్తున్నావా?" రోజీన్ వెనక్కి తిరగకుండానే అడిగింది. "ఒక్కటి మరిచావా, మళ్ళీ పులుముతా."

"నీ వెనకే ఉన్నా. ఒక్క అడుగు."