నీలం వైరు

వైరు తొక్క తీయడం చిక్కుడుకాయ నార తీయడం లాంటిదే. గోరు ఎక్కువ దిగితే లోపలిది తెగుతుంది, తక్కువ దిగితే పైది సగంలోనే ఊడి చేతికొస్తుంది. ఆ శనివారం పొద్దున వంటింట్లో పీట వేసుకుని రెండూ ముందు పెట్టుకున్నాను. ఒక పళ్ళెంలో బోయిన్‌పల్లి మార్కెట్ చిక్కుడుకాయలు, ఇంకో పళ్ళెంలో మా ఆయన రోనాల్డ్ తెచ్చిన వైర్లు. వైర్లు నా పని అని ఎవరూ అనలేదు. చిక్కుడుకాయలు నా పని అని కూడా ఎవరూ ఎప్పుడూ అనలేదు. ఈ ఇంట్లో నా పనులన్నీ అలా ఎవరూ చెప్పకుండానే నావయ్యాయి.

కారులో పెట్టే సౌండ్ సిస్టం కోసం ఆ వైర్లు. డిక్కీ సగం నింపే బేస్ బాక్సు, దాన్ని మోగించే యాంప్లిఫయరు, డ్యాష్‌బోర్డులోకి కొత్త స్టీరియో. షాపువాళ్ళ చేత బిగించుకోవడం రోనాల్డ్‌కి నామోషీ. "నా కారుకు నేనే ఫిట్ చేస్కుంట" అని ఆఫీసులో, చర్చిలో అందరికీ చెప్పాడు. వీడియోలు చూసి మొదలుపెట్టాడు. ఫోను చార్జింగు పెట్టుకునే సాకెట్ నుంచి యాంప్‌కి కరెంటు తీయబోతే ఫ్యూజు ఎగిరిపోయింది. టార్చి పట్టుకుని నిలబడ్డ నేను, "అంత పెద్దదానికి అక్కడి కరెంటు చాలదు. బ్యాటరీ దగ్గర్నుంచి వేరే వైరు లాగాలి" అన్నాను. డిగ్రీలో నేను చదివింది ఎలక్ట్రానిక్స్. ఆయన చేతిలో వైరు చుట్ట ఉంది. దానితో ముంజేతి మీద రెండుసార్లు కొట్టాడు. అచ్చులు తేలాయి. తర్వాత స్క్రూడ్రైవరు నా ఒళ్ళోకి విసిరి, "చెయ్ మరి, డిగ్రీదానా. వాచ్‌మన్ లక్ష్మణ్ గిట్ల ఇటొస్తే మాత్రం అది నా చేతికియ్యి" అన్నాడు.

పెళ్ళయిన కొత్తలో ఆయన ఇంట్లోనే కొట్టేవాడు. ఒకరోజు మా అత్తగారు దేవకృప, చదువుతున్న బైబిలు మీంచి తలెత్తకుండా, "గోడలు పల్చన అబ్బాయ్. పక్క ఫ్లాట్లో ఉన్నది మన సంఘంవాళ్ళే. రేపు నేను ఏ ముఖం పెట్టుకుని ప్రార్థన నడిపించను?" అంది. టీచరుగా రిటైరయిన మనిషి, గొంతు ఎప్పుడూ పెంచదు. కొట్టొద్దని అనలేదు. గోడల గురించే చెప్పింది. అప్పటి నుంచి చారులో పులుపెక్కువైనా, మా అమ్మతో ఫోనులో నవ్వినట్టు కనబడినా, "పద, కారులో మాట్లాడుకుందాం" అంటాడు. అపార్ట్‌మెంటు కింద సెల్లార్‌లో మూలగా ఉంటుంది మా కారు. అద్దాలు ఎత్తుతాడు. డోర్లు లాక్ చేస్తాడు. పాట పెట్టి సౌండు పెంచుతాడు. ఆ తర్వాత మాట్లాడతాడు. ఆయన కూర్చునేది నా కుడిపక్కన కాబట్టి నా ఒంటి మీది దెబ్బలన్నీ కుడివైపువే. కుడి దవడ, కుడి భుజం, కుడి తొడ. జుట్టు పట్టి తలను డ్యాష్‌బోర్డుకేసి కొట్టినప్పుడు మాత్రం నుదురు. కుడి చెవి ఇప్పుడు వినబడదు. డాక్టరు నన్నడిగితే, "బాత్రూంలో జారింది" అని మా అత్తగారు జవాబు చెప్పింది. అంతా అయ్యాక రోనాల్డ్ వెనక సీట్లోంచి తువ్వాలు తీసి ఇస్తాడు. "ముఖం తుడుచుకో. లిఫ్టులో ఎవరన్న ఉంటరు."

లక్ష్మణ్ భార్య బాలమ్మ వాళ్ళ రేకుల గది మా కారు పక్కనే. "ఏం పాటలమ్మా అవి, మా రేకులు సుత ఊగుతున్నయి. సార్‌కు పాటలంటే జెర పిచ్చి లెక్కున్నది" అని నవ్వేది. నేనూ నవ్వేదాన్ని, చిట్లిన పెదవి మళ్ళీ పగలకుండా. పాత స్పీకర్లు సౌండు పెంచితే బరబరమనేవి. ఒకసారి ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే సందులో నా కేక బయటపడింది. "ఏందో మొత్తుకున్నట్టు ఇనబడ్డది సార్?" అని బాలమ్మ అడిగింది. "పాటల్నే గట్లుంటది" అన్నాడు రోనాల్డ్. ఆ వారంలోనే బేస్ బాక్సు ఇంటికొచ్చింది.

ఆ బాక్సు నా గొంతును పూడ్చే గొయ్యి. తవ్వుతున్నది నేనే, అదీ పనితనంతో.

చిక్కుడుకాయ కూర దించి మధ్యాహ్నం సెల్లార్‌కి దిగాను. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరు ఇంజనుకీ సీట్లకీ మధ్య ఉన్న ఇనపరేకులోంచి లోపలికి రావాలి. ఆ బెజ్జం అంచు కత్తిలా ఉంటుంది. అందుకే దానికి రబ్బరు రింగు తొడగాలి, బ్యాటరీ పక్కన ఫ్యూజు పెట్టాలి. ఆ రెండూ లేకపోతే ఏదో ఒకరోజు వైరు తొక్క ఒరుసుకుపోయి ఇనుముకి తగులుతుంది, నిప్పు లేస్తుంది. రబ్బరు రింగు చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. డోర్లు లాక్ చేసుకునే అలవాటున్న మనిషి. సీటు కవర్లు కరిగి ఆయన వీపుకి అంటుకోవడం, అద్దం మీద అరచేతులు కొట్టుకోవడం, తెరిచిన నోరు, బయట నిలబడి నేను చూస్తూ ఉండటం, అన్నీ కళ్ళముందు కదిలాయి. నా గుండె వేగం కూడా పెరగలేదు. దానికే భయం వేసింది. పైగా ఆయన కాలిపోతే సంఘమంతా వచ్చి ఆయన కోసం ఏడుస్తుంది. నాకు జరిగింది మాత్రం ఎవరికీ తెలియకుండా బూడిదవుతుంది. రింగు తొడిగాను. ఫ్యూజు పెట్టాను.

చివరికి నీలం వైరు మిగిలింది. దారమంత సన్నం. స్టీరియో నుంచి వెనక డిక్కీలో ఉన్న యాంప్‌కి వెళ్తుంది. పాటను మోసే వైరు కాదది, యాంప్‌ను నిద్రలేపే వైరు. స్పీకర్లన్నీ ఆ యాంప్ మీదే వేశాను కాబట్టి ఈ ఒక్క వైరు తెగితే, ఎంత సౌండు పెంచినా కారంతా మూగబోతుంది. నా సీటు కింద దాన్ని కత్తిరించాను. పాడైపోయిన టేబుల్ ల్యాంపు స్విచ్చి ఊడదీసి ఆ రెండు కొసల మధ్య కలిపాను. సీటు కింద ఎడమవైపు, కూర్చుంటే నా ఎడమచేతి వేళ్ళకి అందేచోట దాన్ని అతికించాను. ఆయన చేయి అంతదూరం ఎప్పుడూ రాదు.

సాయంత్రం రోనాల్డ్ వచ్చి పాట పెట్టాడు. సెల్లార్ స్తంభాలు అదిరాయి. "చూసినవా, ఎట్ల కొడ్తుందో? నేనే ఫిట్ చేసిన" అన్నాడు లక్ష్మణ్‌తో. లక్ష్మణ్ చెవులు మూసుకుని తలూపాడు.

మంగళవారం కొత్త సిస్టంకి పని పడింది. ఇస్త్రీ చేసిన చొక్కాకి గుండీ ఊడి ఉందని. నా వేళ్ళు స్విచ్చి మీదే ఉన్నాయి, నొక్కలేదు. దెబ్బా, బేసూ కలిసి పక్కటెముకల్లోకి దిగుతున్నాయి, నేను నొక్కలేదు. నొక్కితే వినబడుతుంది. వినబడితే అందరికీ తెలుస్తుంది. ఇన్నేళ్ళూ నా గొంతు బయటికి రాకూడదనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నానని అప్పుడు తెలిసింది.

ఆదివారం చర్చి నుంచి రోనాల్డ్ స్నేహితుడు రిచర్డ్ భోజనానికి వచ్చాడు. తిన్నాక సిస్టం చూడాలని ఇద్దరూ కిందికి దిగారు. నేను వాళ్ళకి కాఫీ తీసుకెళ్ళాను.

"కేక ఉంది మామా!" అన్నాడు రిచర్డ్. "నా కారుల ఇంజన్ ఆన్ జేస్తే స్పీకర్లన్నీ గుయ్యిమంటయి. నీకేమో చప్పుడే లేదు. ఏం జేసినవ్?"

"అదీ... మంచి వైర్లు రా. వైర్ల మీదే ఉంటది అంతా."

ట్రే పట్టుకుని నిలబడ్డ నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "బ్యాటరీ వైరు ఒకపక్క నుంచి, పాట వైర్లు ఇంకోపక్క నుంచి తేవాలి అన్నయ్యా. రెండూ కలిపి కడితే గుయ్యిమంటాయి."

రిచర్డ్ నన్ను చూశాడు, రోనాల్డ్‌ని చూశాడు, పగలబడి నవ్వాడు. "అట్లనా! ఫిట్ జేసింది వదిననా? మరి నువ్వేం జేసినవ్ మామా, టార్చి పట్టినవా?"

రోనాల్డ్ కూడా నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. దవడ కింద ఒక నరం దానితోపాటే కొట్టుకుంటుంది.

రిచర్డ్ వెళ్ళాక నేను పైన బిర్యానీ గిన్నె తోముతున్నాను. మా అత్తగారు గుమ్మం దగ్గరికొచ్చి, నాతో కాదు, కొడుకుతో అంది. "సాయంత్రం ప్రార్థనకి అంతా వస్తారు అబ్బాయ్. మాట్లాడేదేదో తొందరగా మాట్లాడి రండి."

"పద" అన్నాడు రోనాల్డ్. "కారులో మాట్లాడుకుందాం."

చేతుల సబ్బు కూడా కడుక్కోనివ్వలేదు. అద్దాలు, లాకులు, పాట. మొదటి దెబ్బ వినబడని చెవి మీదే పడింది. "టార్చి పట్టిన్నా నేను? ఆఁ? టార్చి?" జుట్టు పిడికిట్లో చుట్టుకుని తలను డ్యాష్‌బోర్డుకేసి కొట్టాడు. కనుబొమ దగ్గర చర్మం పగిలింది. వెచ్చటి నెత్తురు కంట్లోకి దిగింది. కొత్త స్టీరియో మీద నా నెత్తురు చుక్కలు, వాటి వెనక ఎర్రగా ఎగిరే దీపాలు. పిడికిలితో పక్కటెముకల్లో పొడిచాడు. ఊపిరి అందలేదు. "మొగోన్ని నలుగుర్ల నవ్వులపాలు జేస్తవా?" మళ్ళీ జుట్టు గుంజాడు. నా ఎడమచేయి సీటు కిందికి వెళ్ళింది.

నొక్కాను.

పాట చచ్చిపోయింది. "చంపి పాతరేస్తనే నిన్ను!" అన్న ఆయన కేక ఒంటరిగా సెల్లార్‌లో తిరిగి మాకే వినబడింది. రోనాల్డ్ బిత్తరపోయాడు. నా జుట్టు వదిలి వాల్యూము తిప్పాడు. ఇంకా తిప్పాడు. ఏమీ లేదు. అప్పుడు నేను అరిచాను. మాటలు కాదు, వట్టి అరుపు. ఆయన నా నోరు మూయబోయాడు. ఆ అరచేతిని దొరికినచోట కొరికి, నెత్తురు రుచి తగిలేదాకా వదల్లేదు. ఈసారి అరుపు ఆయనది. అదీ బయటికి వినబడింది.

"అమ్మా! ఏమైందమ్మా?" బాలమ్మ అద్దం మీద దబదబ బాదుతోంది. "ఏమయ్యో, జెల్ది రా! సార్ అమ్మను చంపుతుండు!" ఎక్కడో మెట్ల మీద చెప్పుల చప్పుడు.

రోనాల్డ్ కరిచిన చేయి దాచుకుని, చర్చిలో కనబడే ముఖం తెచ్చిపెట్టుకుని, అద్దం కొంచెం దించాడు. "ఏం లేదు బాలమ్మా. సిస్టం ఖరాబైంది. అదే చప్పుడు." ఇంకో చేత్తో తువ్వాలు నా ఒళ్ళోకి తోశాడు. పళ్ళ సందులోంచి, "తుడుచుకో" అన్నాడు.

"ఖరాబు కాలేదు బాలమ్మా" అన్నాను. "నేనే బందు చేశాను. నీకు వినబడాలని."

లాకు తీసి దిగాను. తువ్వాలు సీటు మీదే వదిలేశాను. నెత్తురు ముఖంతోనే లిఫ్టు వైపు నడుస్తూ, అందులో ఎవరైనా ఉంటే బాగుండుననుకున్నాను.