కారం మరక కాదు

చలికాలానికి క్యాబేజీ పచ్చడి, కిమ్చి, పెట్టే రోజున ఇంటి ఆడది పడకేస్తే కొరియాలో మా హేనమ్‌లో పరువు తక్కువ. అందుకే నా భార్య సునోక్ పొద్దున్నే తగిలిన జ్వరం సంగతి దాచింది. వాళ్ళమ్మ కనిపెట్టి, తనూ దాచింది. నేను క్యాబేజీ లారీ ఖాళీ చేసి వచ్చేసరికి గది నేల కాలిపోతోంది. నేల కింది గొట్టాల వేడి పూర్తిగా పెంచి, బొంతలు కప్పి, కారం దట్టించిన మొలకల చారు తాగించి పడుకోబెట్టింది మా అత్త.

"చెమట పడితే దిగిపోద్ది అల్లుడూ. గోల చెయ్యకు."

సునోక్‌కు జ్వరమంటే మామూలు సంగతి కాదు. రక్తంలో ఒక కాపలా ఉంటుంది. డాక్టర్లు కాంప్లిమెంట్ అంటారు. క్రిముల్ని పేల్చాల్సిన ఆ కాపలా సునోక్ ఎర్రకణాల్నే పేల్చేది. మూత్రం సోయా సాస్ రంగులో వచ్చేది. సూదిమందుతో దాని చేతులు కట్టేశాక రక్తం నిలిచింది. కానీ మెదడు పొరల్ని పట్టే క్రిమి ఒకటుంది, కాపలా చేతులు కట్టేశాక దానికిక అడ్డు లేనట్టే. టీకా వేయించుకున్నా సరే, జ్వరమొస్తే క్షణం ఆగొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది.

"లే, ఆసుపత్రికి పోదాం."

"పెరట్లో ఊరి ఆడాళ్ళంతా ఉన్నారు. నవ్విపోతారయ్యా," అంది సునోక్, పళ్ళు టకటకలాడుతుంటే.

"నవ్వనీ. చచ్చాక వాళ్ళే ఏడుస్తార్లే."

"నీ నోట మంచిమాటే రాదు!" అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. మోచేతుల దాకా కారం. "చలిగాలి తగిలితే జ్వరం లోపలికి తన్నుద్ది. ఆరో క్లాసు దాటనోడివి, నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు గనకే పోదామంటున్నా."

బొంత లాగేశాను. పిక్కల మీద ఊదారంగు మచ్చలు, డాక్టరమ్మ భయపడమన్నవే.

"కారం మరకలురా," అంది అత్త. నడుముకు కట్టుకున్న గుడ్డ తడిపి తుడిచింది. పోలేదు. ఇంకా గట్టిగా రుద్దింది. మచ్చ అలాగే ఉంది. అత్త గుడ్డ పక్కన పడేసింది.

"ఎత్తుకో," అంది.

లారీలో సునోక్ మెడ వంచలేకపోయింది. పిలిస్తే పలకలేదు. ఆసుపత్రిలో నేను సునోక్ వేయించుకునే సూదిమందు పేరు చెప్పగానే పరీక్షలకు ఆగకుండా నరానికి మందెక్కించారు. జ్వరం ఎప్పట్నుంచని అడిగితే అత్తే చెప్పింది: "పొద్దుట్నుంచి. నేనే దాచాను."

బతికింది. కుడిచెవి వినికిడి మాత్రం పోయింది.

తెలివొచ్చాక డాక్టరమ్మ దగ్గరగా వంగి అడిగింది. "ఆ పాత సూదిమందే మళ్ళీ వెయ్యాలి. ఆపితే కణాలు పేలతాయి, వేస్తే ఈ భయం ఉండనే ఉంటది. ఏమంటావు?"

సునోక్ సూదికి చెయ్యి చాపింది.

"మళ్ళీ జ్వరమొస్తేనో?" అంది అత్త.

"చెప్తానమ్మా. కానీ నీకు కాదు, ఆయనకు."

అత్త లేచి బయటికి నడిచింది.